కొండ దారి – బడి పిల్లలు – సెల్‌ఫోను

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని మనకి ఒక సామెత ఉంది. సెల్‌ఫోను విషయంలో ఆర్నెల్లు అక్కర్లేదు. ఆరు గంటలు ఆలస్యమైతే చాలు, ఆ తర్వాత ఎంత మొరిగినా పెద్దగా ప్రయోజనం ఉండదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే గనక ముందే చెప్పేస్తున్నాను.

మాకు తెలిసిన కుర్రవాడొకడున్నాడు. అరకు దగ్గర కొండ మీది పల్లెవాడు. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతూ సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చాడు. తల్లికి మందులు తేవడానికి తండ్రి ఫోను జేబులో పెట్టుకుని బస్సెక్కి పట్నం వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సు ఎక్కే తోపులాటలో ఫోను పోయింది. వాడు ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదు. ఛార్జింగు అయిపోయిందని ఒక రోజు, స్నేహితుడి ఇంట్లో మరిచిపోయానని ఇంకో రోజు నెట్టుకొచ్చాడు. మూడో రోజు తండ్రి బ్యాంకుకి వెళ్ళేసరికి కాఫీ గింజలు అమ్మిన డబ్బు ఖాతాలో లేదు. ఫోను తొడుగు వెనకాల ఏటీఎం కార్డు ఉంది, కార్డు వెనకాల కాగితమ్ముక్క మీద రహస్య సంఖ్య రాసి ఉంది. "ఎందుకు చెప్పలేదురా?" అని అడిగితే, "సెప్తే అయ్య కొడతాడని సెప్పనేదండి" అన్నాడు.

ఫోను కొట్టేసినవాడికి ఒక్క నిమిషం పట్టి ఉంటుంది. ఆ తర్వాత రెండు రోజులు వాడికి మనమే ఇచ్చాం. పిల్లవాడి భయం ఇచ్చింది, ఆ భయాన్ని పెంచిన మన కోపం ఇచ్చింది. కాబట్టి బడి పిల్లలకి ప్రయాణంలో ఫోను భద్రంగా ఉంచుకోవడం నేర్పాలంటే జేబు గురించి ఎంత చెప్పాలో, నోరు విప్పడం గురించి కూడా అంతే చెప్పాలి.

పోయేది ఫోను ఒక్కటేనా?

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగింది. ఆనాడు అది ధనికుల వస్తువు. ఈనాడు అనంతగిరి, అరకు, డుంబ్రిగూడ మండలాల్లో కొండ మీది ఇంట్లో కూడా ఫోను ఉంటోంది. అయితే పట్నంలో లాగా మనిషికొకటి కాదు, చాలా ఇళ్ళలో ఇంటికంతటికీ ఒక్కటే. ఆ ఒక్క నంబరే తండ్రి బ్యాంకు ఖాతాకీ, తల్లి ఆధార్‌కీ, పిల్లల స్కాలర్‌షిప్పుకీ కలిపి ఉంటుంది. ప్రభుత్వ పథకం డబ్బు పడిందన్న కబురు వచ్చేదీ, అర్ధరాత్రి 108కి పిలవాల్సి వస్తే పిలిచేదీ దాంతోనే. ఇంట్లో దాన్ని బాగా వాడగలిగినవాడు చదువుకునే పిల్లవాడే గనక ఊరికి వెళ్తున్నాడంటే వాడి చేతికే ఇస్తారు. అంటే పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఇంటి బీరువా తాళం జేబులో వేసుకుని బయలుదేరుతున్నాడన్నమాట. ఆ సంగతి మాత్రం వాడికి ఎవరూ చెప్పరు.

విహారయాత్రకి కింది నుంచి అరకు వచ్చే బడి పిల్లల సంగతి వేరు. వాళ్ళ ఫోను ఖరీదైనది, చేతిలోనే ఉంటుంది, కళ్ళేమో కొండల మీద ఉంటాయి. ఇద్దరికీ ప్రమాదం ఒక్కటే. పోగొట్టుకుంటే తట్టుకోగల శక్తిలోనే తేడా.

ఏ చోట పోతుంది?

ఫోను పోయే చోట్లు లెక్కపెడితే నాలుగైదుకి మించవు. వాటిని పిల్లలకి పేరుపేరునా చెప్పడం మంచిది. "జాగ్రత్తగా ఉండు" అన్న మాట చెవిలోంచి వచ్చి చెవిలోంచి పోతుంది గానీ, "ఫలానా చోట చెయ్యి జేబు మీద ఉంచు" అంటే గుర్తుంటుంది.

మొదటిది రైలు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే ఈ దారిని 1960 దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి వేశారు. 58 సొరంగాలు, సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. చూడాలని ఎవరికుండదు? 2017లో అద్దాల పెట్టె కూడా తగిలించారు. సొరంగం వస్తుందంటే పిల్లలంతా ఫోన్లు పట్టుకుని కిటికీల దగ్గరికీ తలుపు దగ్గరికీ చేరతారు. సొరంగంలో చీకటి, కేకలు, తోపులాట. జేబులోంచి ఫోను తీయడానికి ఇంతకంటే అనుకూలమైన సమయం ఉండదు. ఇక స్టేషనులో రైలు కదలబోతుండగా ప్లాట్‌ఫారం మీంచి కిటికీలోకి చెయ్యి పెట్టి లాక్కునేవాళ్ళు వేరు. రైలు కదులుతోంది గనక పిల్లవాడు దిగలేడు, దొంగ పరుగెత్తనక్కర్లేదు.

రెండోది బస్సూ జీపూ. బస్సులో కూర్చున్నాక పోయేది తక్కువ. ఎక్కేటప్పుడే పోతుంది. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో సంచీ పట్టుకుంటే జేబుకి కాపలా ఎవరు? ఘాటు రోడ్డులో కిక్కిరిసిన జీపులో, ఆటోలో అంచున కూర్చున్నవాడి చొక్కా జేబులోంచి మలుపు దగ్గర ఫోను జారిపోవడమూ ఉంది. అది దొంగతనం కాదు, అయినా ఫోను పోయినట్టే.

మూడోది జనం. అరకులో శుక్రవారం సంత, పాడేరులో మే నెలలో జరిగే మోదకొండమ్మ జాతర, చలికాలంలో యాత్రికుల రద్దీ. బేరం ఆడేటప్పుడు, డబ్బు లెక్క పెట్టేటప్పుడు, ఫోనుతో డబ్బు చెల్లించి దాన్ని బల్ల మీద పెట్టి సరుకు అందుకునేటప్పుడు జాగ్రత్త తప్పుతుంది.

నాలుగోది బొర్రా గుహలు. లోపల మసక వెలుతురు, తడి మెట్లు, పైకి చూస్తూ నడిచే జనం. బయట కోతులు. చేతిలో ఏది మెరిస్తే అది తినేదనుకుని లాక్కోగల జాతి అది. కోతి మీద కేసు పెట్టడానికి లేదు గనక, గుహల ముంగిట ఫోను సంచీలో ఉండడమే మేలు.

ఐదోది నమ్మకం. "బాబూ, ఒక్క ఫోను చేసుకుని ఇస్తాను" అని పెద్దమనిషిలాంటివాడు అడుగుతాడు. కొండ పిల్లలకి కాదనడం రాదు. అది వాళ్ళ మంచితనం, దాన్ని మాన్పించమని నేననను. నిజంగా అవసరంలో ఉన్నవాళ్ళూ అలాగే అడుగుతారు కదా! అందుకని ఒక పద్ధతి నేర్పితే చాలు: "నంబరు చెప్పండి, నేను కలుపుతాను" అని తానే కలిపి, స్పీకరు పెట్టి, ఫోను తన చేతిలోనే ఉంచుకుని మాట్లాడించాలి. అందుకు ఒప్పుకోనివాడికి కావలసింది మాట కాదు, ఫోను.

బయలుదేరే ముందు

ప్రతి ఫోనుకీ 15 అంకెల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. దాన్ని ఐఎంఈఐ అంటారు. మొదటి ఎనిమిది అంకెలు ఫోను ఏ రకమో చెబుతాయి, తర్వాతి ఆరు ఆ ఒక్క ఫోనుకే ప్రత్యేకం, చివరి అంకె మిగతావి సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి. రెండు సిమ్ములు పట్టే ఫోనుకి రెండు సంఖ్యలుంటాయి. *#06# నొక్కితే తెర మీద కనిపిస్తాయి, కొన్న పెట్టె మీద కూడా ఉంటాయి. ఈ సంఖ్యని నోటుబుక్కు వెనకా, ఇంట్లో గోడ మీదా రాసి ఉంచాలి. ఫోనులోనే దాచుకుంటే, పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టు అవుతుంది.

రెండో పని తాళం. తెరకి తాళం పెట్టాలని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, దొంగ సిమ్ము తీసి వేరే ఫోనులో వేస్తే తెర తాళం ఎందుకూ పనికిరాదు. బ్యాంకు పంపే ఓటీపీలు నేరుగా వాడి చేతికే వెళ్తాయి. అందుకని సిమ్ముకి కూడా విడిగా తాళం పెట్టాలి. సెట్టింగుల్లో ఆ సదుపాయం ఉంటుంది. అయితే రహస్య సంఖ్య మూడుసార్లు తప్పు నొక్కితే సిమ్ము మూసుకుపోతుంది. కాబట్టి ఈ పని పిల్లలొక్కళ్ళే కాకుండా, తెలిసిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని చేసుకోవడం మంచిది.

మూడోది, ఫోను తొడుగుని బీరువా చెయ్యకూడదు. ఏటీఎం కార్డు, ఆధార్ కార్డు, వంద రూపాయల నోటు అన్నీ అందులోనే దోపుతాం. ఫోనుతో డబ్బు చెల్లించడానికి రహస్య సంఖ్య కావాలి నిజమే. కానీ కార్డు మీది అంకెలూ, ఫోనుకి వచ్చే ఓటీపీ చేతిలో ఉంటే ఆ రహస్య సంఖ్యని కొత్తగా మార్చుకోవచ్చు. కార్డూ ఫోనూ ఒకే చోట ఉంటే రెండు తాళాలకీ ఒకే గుత్తి తగిలించినట్టు. కార్డుల ఫోటోలు తీసి ఫోనులో దాచుకోవడమూ అంతే.

నాలుగోది జ్ఞాపకం. వెనకటి రోజుల్లో ఎక్కాలు నోటికి వచ్చేవి. ఇప్పుడు కన్నతండ్రి ఫోను నంబరు కూడా నోటికి రావడం లేదు. ఫోను పోతే నంబర్లన్నీ దాంతోనే పోతాయి. ఇంటి ఫోను పిల్లవాడి దగ్గరే ఉన్నప్పుడు ఇంటికి కబురెలా? పక్కింటివాళ్ళదో, టీచరుదో ఒక నంబరు, బంధువులది ఇంకొకటి, ఈ రెండూ ఎక్కంలా వల్లె వేయించాలి.

ఐదోది జేబు. నిక్కరు వెనక జేబూ, చొక్కా పై జేబూ ఫోనుకి తగవు. సంచీ లోపలి వైపు, గుడ్డ ముక్కతో గుండీ ఉన్న జేబు కుట్టించడానికి దర్జీకి ఎంతోసేపు పట్టదు. ఆడపిల్లల యూనిఫారానికి చాలాసార్లు జేబే ఉండదు. వాళ్ళు ఫోను చేత్తో పట్టుకునే తిరగాల్సి వస్తోంది. వాళ్ళకి ఈ లోపలి జేబు మరీ అవసరం. రద్దీలో ఆ సంచీని వీపుకి కాక రొమ్ముకి తగిలించుకోవాలి.

దారిలో

దారిలో గుర్తుంచుకోవలసినవి మూడే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఫోను బయట ఉండకూడదు. మాట్లాడుతూ ఉంటే "ఎక్కాక చేస్తాను" అని పెట్టేయాలి. స్టేషనులో రైలు ఆగి ఉన్నప్పుడు కిటికీ పక్కన ఫోను చూడకూడదు. రైలు కదిలాక చూసుకోవచ్చు. గోడకి ఛార్జింగు పెట్టి నిద్రపోకూడదు, ఛార్జింగు పెట్టినంతసేపూ పక్కనే ఉండాలి.

విహారయాత్రకి తీసుకెళ్ళే ఉపాధ్యాయులకి ఒక సూచన. పిల్లల్ని ఇద్దరిద్దరిగా జత చేయండి. ఒకరు ఫోటో తీస్తుంటే రెండోవారు చుట్టూ చూడాలి, తర్వాత వంతు మారాలి. బస్సెక్కే ముందు తలలు లెక్కపెట్టినట్టే "ఫోన్లు చూపించండి" అని ఒకసారి అడగండి. పోయిన ఫోను సంగతి గుహల దగ్గరే తెలిస్తే వెనక్కి వెళ్ళి వెతకవచ్చు. విశాఖ చేరాక తెలిస్తే ఏం లాభం?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. లాక్కుంటే వదిలేయాలి. దొంగ వెంట కదిలే రైల్లోంచి దూకకూడదు, పట్టాల మీద పరుగెత్తకూడదు, కోతి వెంట లోయ అంచుకి వెళ్ళకూడదు. ఫోను ఖరీదెంతైనా దానికి ఒక ధర ఉంది. ఈ ఒక్క మాట తల్లిదండ్రుల నోటి నుంచి ముందే వినాలి పిల్లలు. లేకపోతే ఇంట్లో తిట్లకి భయపడి, అక్కడ ప్రాణానికి తెగిస్తారు.

అలాగే పక్కన కూర్చున్నవాడి మీద అనుమానంతో వేలు చూపించకూడదు. జనం గుమిగూడితే తప్పు చెయ్యనివాడు దెబ్బలు తింటాడు. దొంగని వెతకడం పోలీసుల పని. మన పని కబురు చెప్పడం.

పోయాక మొదటి గంట

ముందుగా పక్కవాళ్ళ ఫోనుతో మన నంబరుకి చేసి చూడాలి. సీటు కింద పడి ఉండవచ్చు, మంచివాళ్ళ చేతికి చిక్కి ఉండవచ్చు. మోగి ఆగిపోయినా, స్విచ్చాఫ్ అన్నా ఇక కాలయాపన చెయ్యకూడదు. అయితే కొండ దారిలో సొరంగంలో ఉన్నా, సిగ్నలు లేని లోయలో ఉన్నా అదే మాట వినిపిస్తుంది. తర్వాతి స్టేషనులో మరోసారి చేసి చూడాలి.

రైల్లో అయితే టిక్కెట్టు కలెక్టరుకో, గార్డుకో, రైల్వే పోలీసుకో చెప్పాలి. ఫిర్యాదు ఫారం వాళ్ళ దగ్గరే ఉంటుంది. ప్రయాణం ఆపి మధ్యలో దిగిపోనక్కర్లేదు. 139కి ఫోను చేసి కూడా చెప్పవచ్చు. ఫోను కోసం గొలుసు లాగాలా అని పిల్లలు అడుగుతారు. సరైన కారణం లేకుండా లాగితే నేరమవుతుంది. పక్కన ఉన్న పెద్దవాళ్ళకి చెప్పి, వాళ్ళ సలహా మీద నడుచుకోవడం మంచిది. బస్సులో, సంతలో అయితే 112. ఒంటరిగా చిక్కుకుపోయిన పిల్లలకి 1098 ఉండనే ఉంది.

ఈ కిరండూల్ రైలు ఆంధ్రలో బయలుదేరి ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్ చేరుతుంది. నిద్రలో ఫోను పోతే ఏ రాష్ట్రంలో పోయిందో ఎలా తెలుస్తుంది? "మా పరిధి కాదు" అంటారేమోనని జనం భయం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు చెయ్యవచ్చు. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. అదే రోజు అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లాక్కుపోవడాన్ని 304వ సెక్షను కింద విడిగా నేరంగా చేర్చారు. దానికి మూడేళ్ళ వరకూ జైలు, జరిమానా కూడా.

తర్వాత సిమ్ము ఆపించాలి. ఆ కంపెనీ వాళ్ళకి ఎవరి ఫోను నుంచైనా చెప్పవచ్చు. ఆ వెంటనే బ్యాంకుకి చెప్పి, ఫోను ద్వారా చెల్లింపులూ ఏటీఎం కార్డూ ఆపించాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే 1930కి చెప్పాలి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి పరుగెడుతూ ఉంటుంది గనక ఇక్కడ ప్రతి నిమిషమూ లెక్కే.

చివరిది ఫోనునే పనికిరాకుండా చెయ్యడం. కేంద్ర ప్రభుత్వం 2023 మే నెలలో సంచార్ సాథీ అనే ఏర్పాటుని దేశమంతటికీ తెచ్చింది. పోలీసు ఫిర్యాదు నకలు, ఐఎంఈఐ సంఖ్య, గుర్తింపు కార్డు వివరాలు ఇస్తే ఆ ఫోనుని అన్ని కంపెనీల నెట్‌వర్కుల్లోనూ నిలిపివేస్తారు. ఎవరైనా అందులో కొత్త సిమ్ము వేస్తే ఆ జాడ పోలీసులకి తెలుస్తుంది. ఫోను దొరికాక మళ్ళీ తెరిపించుకోవచ్చు. ఇందులో ఒక చిక్కుంది. దరఖాస్తుకి ఓటీపీ రావాలి గనక ముందు అదే నంబరుతో మారు సిమ్ము తీసుకోవాలి. ఆ సిమ్ముకి మొదటి 24 గంటలు మెసేజీలు రావు. సిమ్ము దుకాణానికి కొండ దిగి రావాల్సినవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని ఉంటే రెండుసార్లు తిరగాల్సిన శ్రమ తప్పుతుంది.

ఇదంతా వృథా ప్రయాస అనుకోవద్దు. అమ్ముకోవడానికి వీల్లేని వస్తువుని ఎవరూ దొంగిలించరు. బ్రిటన్‌లో 2002లోనే ఐఎంఈఐ సంఖ్య మార్చడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2014లో, పోయిన ఫోనుని దూరం నుంచే పనిచెయ్యకుండా చేసే ఏర్పాటు ప్రతి కొత్త ఫోనులోనూ ఉండాలని శాసించింది. దొంగని పట్టుకోవడం ఎంత అవసరమో దొంగ సొమ్ముని చెల్లకుండా చెయ్యడం అంత అవసరమన్నదే వీటి సారాంశం. మనం ఫిర్యాదు చెయ్యకుండా ఊరుకున్న ప్రతి ఫోనూ బజారులో చెల్లుతూనే ఉంటుంది.

పెద్దలకి ఒక మాట, మనకి ఒక పని

పైన చెప్పిన వరస అంతా ఎక్కడ మొదలవుతుంది? పిల్లవాడు "ఫోను పోయింది" అని చెప్పడంతో. వాడు చెప్పకపోతే 139 ఉన్నా, 1930 ఉన్నా, చట్టాలున్నా ఏవీ కదలవు. అందుచేత ఫోను చేతికిచ్చే ముందు ప్రతి తల్లీ తండ్రీ ఒక మాట అనాలి: "పోతే పోయింది, వెంటనే చెప్పు. నిన్ను ఏమీ అనను." అన్నాక ఆ మాట మీద నిలబడాలి. కోపం వస్తుంది, రాకుండా ఉండదు. కష్టపడి కొన్నది కదా! ఆ కోపాన్ని మర్నాటికి వాయిదా వేసుకోమని మాత్రమే నా మనవి.

కొండ పిల్లలకి ఇంకో సంకోచం ఉంది. ఇంట్లో ఆదివాసీ ఒడియానో, కువినో మాట్లాడే పిల్ల ఖాకీ బట్టల మనిషి ముందు నిలబడి తెలుగులో ఫిర్యాదు చెప్పాలంటే గొంతు పెగలదు. దానికి మందు అభ్యాసమే. తరగతిలో ఒకరు పోలీసుగా, ఒకరు ఫోను పోగొట్టుకున్నవారుగా నటించి చూపిస్తే నవ్వుతూనే నేర్చుకుంటారు. పేరు, ఊరు, ఎక్కడ పోయింది, ఎప్పుడు పోయింది, నంబరు ఎంత అన్న అయిదు ప్రశ్నలకి జవాబు చెప్పడం వస్తే చాలు.

జాతీయ సేవా పథకం 1969లో మొదలైంది. దాని శిబిరాల పేరుతో మనం గ్రామాలకి వెళ్ళి రోడ్లు వేస్తాం, మొక్కలు నాటుతాం. ఈసారి కొండల్లో ఏ బడి పక్కన శిబిరం వేసినా ఒక గంట ఈ పనికి కేటాయించుకుందాం. ప్రతి పిల్లా తన ఇంటి ఫోను ఐఎంఈఐ సంఖ్య తెచ్చి నోటుబుక్కులో రాసుకోవాలి, రెండు నంబర్లు నోటికి అప్పజెప్పాలి, ఒకసారి పోలీసు నాటకం ఆడాలి. దీనికి చందాలు అక్కర్లేదు, అధ్యక్షోపన్యాసం అక్కర్లేదు.

నేను చెప్పిన కుర్రవాడు ఇప్పుడు పదో తరగతి. వాళ్ళ నాన్న మళ్ళీ ఫోను కొన్నాడు. మొన్న పరీక్ష ఫీజు కట్టడానికి వెళ్తుంటే మళ్ళీ వాడి చేతికే ఇచ్చాడట. ఏటీఎం కార్డు మాత్రం ఇంట్లో పెట్టుకుని, "పోతే ముందు నాకు సెప్పు, ఆనక ఏడుద్దుగాని" అన్నాడట. ఆ తండ్రి ఏ బడికీ వెళ్ళలేదు. మనం ఇన్ని పేజీల్లో చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.